పన్ను వెనక గార

...అయినా ఊగడం వేరు, ఊడడం వేరు. వంటింటి తలుపు గడియ అతనికి తెలిసి ఇరవై ఏళ్లుగా ఊగుతోంది, ఊడిందా? అరవై రెండేళ్ల మనిషిలో ఏదో ఒకటి ఊగకుండా ఎలా ఉంటుంది? ఇనాయతుల్లా నాలుక కొసను పైపన్ను వెనక్కి చేర్చి, ఎవరూ చూడకుండా చేసే పనిలా, మెల్లగా ఒక్కసారి తోశాడు. పన్ను ముందుకు కదిలింది. నాలుక తీశాడు. వెనక్కి వచ్చింది. నిన్నటికంటే ఎక్కువ కదిలిందా? నిన్న ఎంత కదిలిందో గుర్తుపెట్టుకోవాలని నిన్న కూడా అనుకున్నాడు. కానీ నాలుక మీద కొలగీతలుండవు. పైగా నాలుక అబద్ధాలాడుతుంది. మనసు బాగున్న ఉదయాన పన్ను రాయిలా ఉందంటుంది. బెంగతో లేచిన రోజున నోరంతా ఊగిపోతోందంటుంది. ఇవాళ ఏమంటోంది? ఇవాళ అది కూడా నసుగుతోంది.

"చాయ్ చల్లారిపోతోంది," అంది తూబా.

తూబా అతని అక్క. భర్త పోయాక, నాలుగేళ్ల కిందట, ఒక పెట్టే ఒక కుట్టుమిషనూ పట్టుకుని రెండు వారాలుంటానని తమ్ముడింటికి వచ్చింది. ఇనాయత్ పెళ్లి చేసుకోలేదు. ఆవిడ వచ్చేదాకా ఆ ఇంట్లో వినపడిన గొంతు అతని రెల్లు వేణువు, నయ్, ఒక్కదానిదే.

అతను చక్కెర ముక్క తీసి గ్లాసులో వేసి చెంచాతో కలిపాడు. తూబా తన ముక్కను కట్టుడు పళ్ల మధ్య బిగించి, దాని మీదుగా చాయ్ పీలుస్తూ, కళ్లతో అతని చెంచా వెంట తిరిగింది. ముక్క కరిగింది. నోరు ఖాళీ అయింది.

"పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ పళ్లతో పట్టుకుని తాగినవాడివి. ఇప్పుడేమో టెహ్రాన్ ఆఫీసరులా కలుపుకుని తాగుతున్నావు."

"ఇలాగే రుచిగా ఉంది, ఆబ్జీ."

"రొట్టె కొరకడం మానేశావు, తుంచుకుంటున్నావు. బాదంపప్పు దంచుకుంటున్నావు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నావు, కొత్త పెళ్లికూతురిలాగ. ఐదు నెలలుగా నయ్ పెట్టె తెరవలేదు. వచ్చిన శిష్యులకి జలుబు అంటున్నావు. ఐదు నెలల జలుబుకి జలుబనే పేరు ఎలా సరిపోతుందిరా?"

"కొంచెం ఊపిరి అందట్లేదు. అంతే."

"ఊపిరైతే మరీ మంచిది. ఇవాళ మంగళవారం, నేను బీపీ చూపించుకునే రోజు. నువ్వూ పద."

రానంటే ఒప్పుకున్నట్టవుతుంది. ఏం ఒప్పుకున్నట్టు? అతను ఆ ఆలోచనని అక్కడే వదిలేసి కోటు తొడుక్కున్నాడు.

దారిలో తూబా దానిమ్మపళ్ల ధర గురించి మాట్లాడుతూనే ఉంది. అతను వింటున్నట్టు తల ఊపుతున్నాడు. రాగి పనివాళ్ల సందు దాటుతుంటే ప్రతి సుత్తి దెబ్బా పంటిలో పడింది.

నయ్‌ని కొందరు పెదవితో ఊదుతారు. ఇస్ఫహాన్ వాళ్లు పంటితో ఊదుతారు. రెల్లు గొట్టం పైకొసకి ఇత్తడి కట్టు ఉంటుంది. ఆ అంచును పై ముందు పళ్ల మధ్య ఆనించి, మీద పై పెదవిని కప్పి, లోపల నాలుకతో గాలిని మళ్లించాలి. రెల్లులో ఏడు కణుపులుంటే, ఎనిమిదో కణుపు నీ పన్ను అనేవాడు అతని ఉస్తాద్. ఆ ఉస్తాదే మొదటి రోజు పాఠంలో ఇంకో మాట కూడా చెప్పాడు. "నయ్ ఆనే చోట బ్రష్షు తగలనివ్వకు. ఊదగా ఊదగా పన్ను వెనక ఒక గద్దె కడుతుంది. లోకం దాన్ని గార అంటుంది, అననీ. నీ నాదం కూర్చునేది దాని మీదే." అప్పుడు ఇనాయత్‌కి ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు నుంచి ఈ ముప్ఫై ఎనిమిదేళ్లూ, పొద్దునా రాత్రీ, మిగతా నోరంతా శ్రద్ధగా తోముకుని, ఆ నాలుగు పళ్ల దగ్గరకి వచ్చేసరికి బ్రష్షు పైకెత్తేసేవాడు, నిద్రపోతున్న మనిషిని దాటేటప్పుడు అడుగెత్తి వేసినట్టు.

ఉస్తాద్‌కి అరవై ఎనిమిదో ఏట ముందు పళ్లు పోయాయి. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. చూడ్డానికి వెళ్తే నయ్‌ని ఒళ్లో పెట్టుకుని రంధ్రాల మీద వేళ్లు కదుపుతూ కూర్చునేవాడు, చప్పుడు లేకుండా. వయసు, అన్నారు అందరూ. వయసు, అనుకున్నాడు ఇనాయత్ కూడా. ఆ నోట్లో ఏం జరిగి ఉంటుందన్న ఆలోచన ఈ ఐదు నెలలకి ముందు ఒక్కసారి కూడా రాకపోవడం ఇప్పుడు అతనికి వింతగా ఉంది. రాకపోవడమా, రానివ్వకపోవడమా?

ఆరోగ్య కేంద్రం హాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు. తూబా చీటీ తీసుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది. హాలు మధ్యలో ముప్ఫై అయిదేళ్ల ఆడమనిషి, మాస్కు గడ్డం కిందకి లాక్కుని, ఒక చేతిలో పుచ్చకాయంత ప్లాస్టరు పళ్ల సెట్టు, ఇంకో చేతిలో మోచేతి పొడుగు బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంది. పళ్ల డాక్టరు మాహ్‌రుఖ్. మంగళవారాల్లో రోగుల్ని చూడ్డానికి ముందు అరగంట ఇలా జనం అడిగిన వాటికి జవాబులు చెబుతుంది.

ఇనాయత్ ఆ ప్లాస్టరు పళ్లవైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. అన్నీ తెల్లగా, గట్టిగా, ఒక్కటీ కదలకుండా ఉన్నాయి.

"ఖానుం డాక్టర్, బ్రష్షు ఎన్నాళ్లకి మార్చాలి?" ఒక పడుచుపిల్ల అడుగుతోంది. "మా ఆయన పెళ్లప్పుడు కొన్నదే ఇంకా వాడుతున్నాడు."

"పెళ్లెప్పుడైంది?"

"మొన్న నౌరోజ్ పండక్కి ఆరేళ్లు."

"అంత మమకారం ఉన్న మనిషి దొరకడం అదృష్టమే. కానీ బ్రష్షుకి మూడు నెలలు చాలు. ఈలోపే కుచ్చు విచ్చుకుని చీపురులా అయితే ఇంకా ముందే పారేయండి. విచ్చుకున్నది తోమదు, గీకుతుంది."

హాల్లో నవ్వులు. టోపీ పెట్టుకున్న టాక్సీ డ్రైవరు ఒకడు గోడకి ఆనుకున్నవాడల్లా ముందుకొచ్చాడు. "నాకు గట్టి బ్రష్షయితేనే తోమినట్టుంటుంది. మెత్తదైతే పిల్లి నాకినట్టుంటుంది."

"మీ కారు అద్దం ఇనుప పీచుతో తోముతారా, ఆగా?"

"నా కారుకి అద్దముంటే కదా!"

"పళ్లున్నాయి కదా, అవైనా ఉంచుకోండి. మెత్తటిది కొనండి. చిగురూ పన్నూ కలిసే చోట కొంచెం ఏటవాలుగా పెట్టి, చిన్నచిన్నగా తిప్పాలి. రెండు నిమిషాలు. మీరు చేసేది రంపప్పని."

ఇనాయత్ ఆ చేతి కదలిక చూశాడు. పెద్ద బ్రష్షు ప్లాస్టరు చిగురు అంచున నిలబడి, ముందుకీ వెనక్కీ పోకుండా, ఉన్నచోటే వణికింది. నయ్ మీద వేలు వణికించి స్వరాన్ని ఊపడం కూడా అలాగే ఉంటుంది. ఈమె చేతిలో పనితనం ఉంది, అనుకున్నాడు. అనుకున్న వెంటనే, అలాంటి చెయ్యి ఉన్నవాళ్ల మీద గౌరవం పుట్టడం తన పాత బలహీనత అనీ, దాన్ని నమ్మడానికి లేదనీ తనకి తనే చెప్పుకున్నాడు.

ఎవరో ఒక తల్లి, ఇంట్లో నలుగురికీ రెండే బ్రష్షులున్నాయనీ, ఒకే రక్తం కదా, ఫరవాలేదేమో అనీ అడిగింది. డాక్టరు కళ్లు మూసుకుని తెరిచి, ఎవరి బ్రష్షు వాళ్లదే ఖానుం, రక్తం ఒకటైనా పాచి ఎవరిది వాళ్లదే అంది. రోజా ఉపవాసం ఉన్నప్పుడు పగలు పేస్టు వాడొచ్చా అని ఒక పెద్దాయన అడిగితే, మతం సంగతి మసీదులో అడగండి, నా సంగతి నేను చెబుతాను, తెల్లవారుజామున సహరీ తిన్నాకా పడుకోబోయే ముందూ మాత్రం వదలొద్దు అంది. చాయ్ గురించి కూడా చెప్పింది. "చక్కెర ముక్క ముందు పళ్లతో పట్టుకుని గంటకో గ్లాసు తాగుతాం. మా అమ్మా అంతే, నేనూ అంతే. మానమంటే మీరు నన్ను ఊళ్లోంచి తరిమేస్తారు. తాగాక కాసిని నీళ్లు పుక్కిలించండి. అదైనా చేయండి."

"నాకా బాధ లేదు," అంది తూబా అందరికీ వినపడేలా. "నావి గ్లాసులో పడుకుంటాయి."

"వాటినీ తోమాలి, ఖానుం."

"ఏం, వాటికి చిగుళ్లా?"

"మీకున్నాయి కదా!"

తూబా నోరు మూసుకుంది. అది ఎంత అరుదైన దృశ్యమో ఆ హాల్లో ఇనాయత్ ఒక్కడికే తెలుసు.

అప్పుడు, కొత్తిమీరా మెంతికూరా పొడుచుకొస్తున్న సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలావిడ చెయ్యెత్తింది. "తల్లీ, మా కోడలు గార తీయించుకోమంటుంది. తీయిస్తే పళ్లు వదులైపోతాయంటారే? మా ఆడపడుచు తీయించింది. మర్నాటి నుంచి పళ్ల మధ్య గాలి దూరుతోందట."

ఇనాయత్ ఒళ్లంతా చెవి అయిపోయింది.

"దూరుతుంది," అంది డాక్టరు. "అన్నాళ్లూ అక్కడ రాయి అడ్డముంది. రాయి తీస్తే ఖాళీ కనపడుతుంది. ఖాళీ ముందే ఉంది, ఖానుం జాన్, గార దాన్ని దాచింది."

"మరి పన్నుని పట్టుకుని ఉన్నది అదేగా?"

"దొంగ మీ భుజం మీద చెయ్యేసి నడుస్తున్నాడనుకోండి. పడిపోకుండా పట్టుకున్నాడని మీరు మురిసిపోతున్నారు. వాడి రెండో చెయ్యి మీ జేబులో ఉంది. గార చిగురుని కిందకి నెడుతుంది, కింద ఎముకని తినేస్తుంది."

ముసలావిడ తల ఊపింది కానీ ఒప్పుకున్నట్టు లేదు. ఇనాయత్ కూడా ఒప్పుకోలేదు. ఈమెకి తెలిసింది పళ్ల సంగతి. నాదం సంగతి ఈమెకేం తెలుసు? అతని దగ్గర సాక్ష్యం ఉంది. మూడేళ్ల కిందట పిస్తా కొరుకుతుంటే పన్ను వెనక గారలోంచి ఒక ముక్క, కందిపప్పులో సగమంత, ఊడి నాలుక మీద పడింది. ఆ సాయంత్రం నయ్ ఎత్తితే మంద్రస్వరాల్లో ఎప్పుడూ ఉండే, పొగలాంటి ఆ జీర లేదు. స్వరం ఉంది, పొగ లేదు. బట్టలు విప్పేసిన మనిషిలా ఉంది ధ్వని. ఇంకెవరో ఊదుతుంటే తను ఒళ్లు కుంచించుకుని వింటున్నట్టనిపించింది. వారం పోయాక పొగ తిరిగొచ్చింది. గార మళ్లీ కట్టింది, అనుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, అది మాత్రం పోలేదు. జనం మెచ్చుకున్నది ఆ పొగనే. ముప్ఫై ఏళ్లుగా వచ్చి చేతులు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మీ నయ్‌లో ఏదో ఉంది ఉస్తాద్, ఏదో పాత దుఃఖం ఉంది అన్నది ఆ పొగ గురించే. అది పన్ను వెనక మురికి నుంచి వచ్చిందైతే? అతను రాత్రింబవళ్లు కూర్చుని సాధించింది ఆ బట్టలు విప్పిన ధ్వని మాత్రమే అయితే? దుఃఖం కూడా తనది కాకపోతే? కాబట్టి ఆ గార అక్కడే ఉండాలి. పన్ను ఊగినా ఉండాలి. పన్ను తానుగా ఊడిపోతే అప్పుడు అది వయసు అవుతుంది, ఉస్తాద్‌కి అయినట్టే. జనం జాలిపడతారు, పాత రికార్డింగులు వింటారు. గార తీయించుకుని, పన్ను నిలిచి, పొగ పోతే, దాన్నేమంటారు?

"ఇంకెవరైనా?" అంది డాక్టరు గడియారం చూసుకుంటూ.

అతని చెయ్యి లేచింది. లేవాలని అతను అనుకోలేదు.

"నాకొక స్నేహితుడున్నాడు," అన్నాడు.

తూబా తలతిప్పి చూసింది.

"అతనికి పై ముందు పన్ను ఒకటి... కొంచెం. అతను ఆ పళ్లని చాలా కాలంగా తోమడం లేదు. ఒక కారణం ఉంది. ఇప్పుడు తోముదామంటే రక్తం వస్తోంది. రక్తం వస్తుంటే ఆపేయాలా?"

"ఆపకూడదు. రక్తం వచ్చేది తోమినందుకు కాదు, తోమనందుకు. ఎంత కాలంగా?"

"ముప్ఫై ఎనిమిదేళ్లుగా."

టాక్సీ డ్రైవరు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "యా అలీ! నేనే నయం," అన్నాడు.

"ఎవరా స్నేహితుడు?" అంది తూబా. "నీకు స్నేహితులున్నారా? నేనెరగని స్నేహితుడు ఎవరబ్బా? పేరు చెప్పు."

"ఆబ్జీ..."

"నాలుగేళ్లుగా మనింటి తలుపు తట్టిన వాళ్లంతా నీ శిష్యులూ నా దర్జీ గిరాకీలే. ఈ ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి ఏ గోడ దూకి వస్తున్నాడు?" గొంతు తగ్గించింది. తగ్గాక ఆ గొంతులో వెటకారం లేదు. "ఇనాయత్. నోరు చూపించు."

అతను చూపించలేదు. డాక్టరు వాళ్లిద్దర్నీ చూసి, పళ్ల సెట్టు చంకలో పెట్టుకుని, "ఆ స్నేహితుడి తరఫున మీరు లోపలికి రండి, ఆగా. మొదటి నంబరు మీదే," అంది. కూరల సంచి ముసలావిడ తన చీటీ చూసుకుని గొణగబోయి, మానేసి, మోకాళ్లు పక్కకి జరిపి అతనికి దారి ఇచ్చింది.

తూబా కూడా లేవబోయింది. "నువ్వు నీ బీపీ చూపించుకో," అన్నాడు ఇనాయత్.

"నా బీపీ ఇప్పుడు చూస్తే మిషను పగులుతుంది," అంటూనే కూర్చుండిపోయింది.

లోపల గది చిన్నది, లవంగం వాసన. ఆకుపచ్చ కుర్చీ వెనక్కి వాలింది. కాళ్లు పైకి లేచి తల కిందికి పోతుంటే, ఈ భంగిమలో మనిషికి గౌరవంగా ఉండడం ఎంత కష్టమో కదా అనుకున్నాడు. డాక్టరు ఒక చిన్న ఫిల్ము పంటి వెనక పెట్టి ఎక్స్‌రే తీసింది. తర్వాత అద్దం తీసుకుంది.

"నొప్పేస్తే, ఆపాలనిపిస్తే, ఎడమ చెయ్యెత్తండి. వెంటనే ఆపేస్తాను. సరేనా?"

అతను చెయ్యెత్తాడు.

"ఏమైంది?"

"సరే అని చెబుతున్నాను."

అద్దం నోట్లోకి వచ్చింది. చల్లగా పంటికి తగిలింది. అతని చెయ్యి మళ్లీ లేచింది. ఆమె అద్దం తీసి ఆగింది. మళ్లీ పెట్టింది. చెయ్యి మళ్లీ లేచింది.

"ఆగా, నేనింకా మొదలుపెట్టలేదు. చూస్తున్నానంతే."

"క్షమించండి. చెయ్యి..." అన్నాడు, అది ఎవరిదో అయినట్టు.

ఆమె దీపం కిందకి లాగింది. చాలాసేపు చూసింది. "ఈ పన్ను అంచున నొక్కు ఉంది. సన్నగా, వంపుగా. దర్జీలకి సూది కొరికి కొరికి ఇలా అరుగుతుంది. మీరూ దర్జీయేనా, అక్కగారిలాగ?"

"నయ్ ఊదుతాను."

"అలాగా! మా నాన్న వింటాడు. నాకైతే నిద్రొస్తుంది, ఏమీ అనుకోకండి."

అతను ఏమీ అనుకోలేదు. నిజానికి, మెచ్చుకోని మనిషి ముందు నోరు తెరవడం అనుకున్నంత కష్టంగా లేదని గమనించి ఆశ్చర్యపోయాడు. ఈమెకి అతని దగ్గర ఏ పొగా అక్కర్లేదు.

ఫిల్మును వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఆమె చెప్పింది. "అబద్ధం చెప్పను. పన్ను చుట్టూ ఎముక కొంత పోయింది. సగానికి పైగా ఇంకా ఉంది. గార తీసి, మీరు రోజూ సరిగ్గా తోముకుంటే చిగురు వాపు తగ్గుతుంది. పన్ను గట్టిపడొచ్చు, పడకపోవచ్చు. పడుతుందనే నా నమ్మకం. మొదటి వారం ఇంకా వదులుగా ఉన్నట్టనిపిస్తుంది, కంగారుపడొద్దు. నెలన్నర నయ్ ముట్టుకోవద్దు. ఇలాగే వదిలేస్తే, వచ్చే చలికాలంలో ఏ రొట్టెముక్కతోనో పాటు చేతిలోకి వచ్చేస్తుంది."

"తీస్తే ధ్వని మారుతుందా?"

"అది నేనెలా చెప్పను?"

"మారుతుంది," అన్నాడతను. అనేశాక ఇక ఆగలేదు. వాలిన కుర్చీలో, కప్పువైపు చూస్తూ, పిస్తా గురించి చెప్పాడు. కందిపప్పులో సగమంత ముక్క గురించి చెప్పాడు. పొగ పోవడం, వారానికి గార మళ్లీ కట్టి పొగ తిరిగి రావడం, అన్నీ చెప్పాడు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని చెప్పలేదు. గొంతు విని ఆమెకి తెలిసే ఉంటుంది.

డాక్టరు కొత్త చేతి తొడుగులు తీసుకుంటోంది. "వారంలో కట్టలేదు," అంది.

"ఏది?"

"అంత మందం గార వారంలో కట్టదు, ఉస్తాద్. నెలలు పడుతుంది. మీకు ఆ ముక్క ఊడిన గుంట ఇంకా అలాగే ఉంది, ఇందాక అద్దంలో చూశాను. మీద పలచగా పాచి పేరుకుంది, అంతే. పూడలేదు." తొడుగు వేళ్లలోకి లాక్కుంటూ, పెద్ద విషయమేమీ కాదన్నట్టు అంది. "ధ్వని వారంలో తిరిగొచ్చిందంటే మరి మీ నాలుకే సర్దుకుని ఉంటుంది. నోట్లో ఏం మారినా నాలుక ఊరుకోదు. కట్టుడు పళ్లు పెట్టినవాళ్లు చూడండి, పది రోజులు మాట తడబడతారు, తర్వాత అక్కగారిలా మాట్లాడతారు."

అతను నవ్వలేదు. నాలుక కొసను పన్ను వెనక్కి పంపాడు. ఆ గుంట అక్కడే ఉంది. మూడేళ్లుగా రోజుకి వందసార్లు ఆ చోటికి వెళ్లిన నాలుక ఆ గుంట ఉందని ఒక్కసారీ చెప్పలేదు. పూడిపోయిందని అతనే నమ్మాడు, అది ఊరుకుంది. అబద్ధాలకోరు నాలుక. అయితే ఆ వారం రోజులూ, అతనికి చెప్పకుండా, అతని భయాన్ని పట్టించుకోకుండా, కొత్త చోటు వెతుక్కుని పని చేసింది కూడా ఇదేనా? పొగ దీనిదేనా?

అలా అనుకోగానే తేలికైపోవాలి. కాలేదు. పొగ గారదే అనుకున్నంత కాలం, అది పోయినా తప్పు గారదే అయ్యేది. పొగ తనదైతే, రేపు రాకపోతే అదీ తనదే అవుతుంది. నెలన్నర తర్వాత నయ్ ఎత్తిన రోజున, ఆ గదిలో అతనూ అతని నాలుకా తప్ప ఎవరూ ఉండరు, నెపం వెయ్యడానికి ఒక మురికి ముక్క కూడా ఉండదు. ఉస్తాద్ ఒళ్లో నయ్ పెట్టుకుని పదకొండేళ్లు కూర్చున్నది అంతకంటే సుఖమా? ఆయన ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తుకొచ్చింది ముఖం కాదు, లోపలికి పడిపోయిన పై పెదవి. తన శిష్యులు ఏడుగురు గుర్తొచ్చారు. ఏడుగురికీ మొదటి రోజు పాఠంలో తను చెప్పింది, నయ్ ఆనే చోట బ్రష్షు తగలనివ్వొద్దన్న ఆ మాటే. వాళ్లలో గుల్‌చెహ్రె అనే అమ్మాయి చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉండడం పోయిన ఏడు చూసి, సాధన బాగా చేస్తోందని సంతోషించాడు.

తలుపు అవతల తూబా గొంతు వినపడుతోంది. తమ్ముడి గురించి కూరల సంచి ముసలావిడకి మొదటి నుంచీ చెబుతున్నట్టుంది.

"ఏమంటారు?" అంది డాక్టరు. ఆమె చేతిలో సన్నటి కొక్కెంలాంటి పనిముట్టు ఉంది. "ఇవాళ ఆ నాలుగు పళ్లూ చేద్దాం. వద్దంటే, మెత్తటి బ్రష్షు ఒకటి ఇస్తాను, ఆలోచించుకుని రండి. బలవంతమేం లేదు."

ఆలోచించుకుని రావడం. ఐదు నెలలుగా అతను చేస్తున్న పని అదే.

"చేయండి," అన్నాడు.

ఆమె మాస్కు పైకి లాక్కుంది. దీపం ముఖం మీదికి వంగింది. కొక్కెం దగ్గరకొస్తుంటే ఎడమ చెయ్యి కుర్చీ పిడి మీంచి బెత్తెడు లేవడం అతనికి తెలిసింది. దాన్ని కిందికి దించి, తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువుగా కూర్చుని, నోరు తెరిచాడు.